వంకకు అడ్డంగా చిన్న మట్టికట్ట: జాగా చూడడం నుంచి మొదటి వానాకాలం దాకా

మట్టికట్ట తెగిందంటే కారణం దాదాపు ఎప్పుడూ రెండింటిలో ఒకటే. అలుగు, అంటే కుంట నిండాక మిగులు నీరు బయటికి పోయే దారి, చాలక నీరు కట్ట మీదుగా పొర్లి ఉంటుంది. లేదా కట్ట కడుపులో సన్నటి దారి చేసుకుని, మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోయి ఉంటుంది. కుంట కట్టుకుందామనుకునే రైతులు మొదట అడిగేది "ఎన్ని నీళ్లు నిలుస్తాయి?" అని. నేను ముందు అడిగేది మాత్రం "నిలవని నీళ్లు ఎటు పోతాయి?" అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరకని చోట కట్ట వేయకూడదు. ఈ వ్యాసమంతా ఆ పట్టుదలతోనే రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మా అనంతపురం వైపు వంకల మీద వేసే చిన్న ఊటకుంట గురించి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అది కూడా నాలుగైదు గట్టి వానల్లోనే చాలావరకు పడిపోతుంది. గుట్ట మీద పడిన నీరు గంటలోపే వంకలో ఎర్రగా పారి, మట్టిని ఎత్తుకుపోతుంది. ఆ వేగాన్ని ఆపి, మట్టిని పైనే నిలిపి, నీటిని భూమిలోకి దింపడమే ఈ కట్ట పని. ఇదే పద్ధతి మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం మెట్టల్లోనూ పనికొస్తుంది. కొలతలు మాత్రం మీ నేలను బట్టి మార్చుకోవాలి.

హద్దు కూడా ముందే చెప్పాలి. నీటి లోతు 3 మీటర్లు దాటేలా ఉన్నా, కట్ట దిగువన ఇళ్లో, బడో, పశువుల కొట్టాలో ఉన్నా ఇది సొంతంగా చేసే పని కాదు. ఇంజనీరు డిజైను చేసి, దగ్గరుండి చేయించాల్సిందే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు గేట్లు పంపగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. నీరు మట్టికట్ట మీదుగా పొర్లి కట్ట తెగింది, కింది ఊళ్లలో మనుషులు పోయారు. మన కుంట దాని ముందు ఎంతో చిన్నది కావచ్చు. కానీ మట్టి మీదుగా నీరు పొర్లితే జరిగేది చిన్న కట్టకైనా పెద్ద కట్టకైనా ఒకటే.

ముందు కాగితం, కింది రైతు

వంక మీ పట్టా భూమిలోంచి పారుతున్నా ఆ పారుదల మీ ఒక్కరిదీ కాదు. కింద ఎవరి చెరువుకో, ఎవరి బావికో అదే నీరు పోతుంది. గ్రామసభలో మాట పెట్టి, తహసీల్దారు ద్వారా, నీటిపారుదల శాఖ ద్వారా అనుమతి తీసుకోండి. ఉపాధి పనుల్లో ఊటకుంటలు, పంటకుంటలు, రాతి కట్టడాలు ఏళ్లుగా చేస్తున్నారు కాబట్టి మండలంలో దీనికి అంచనా వేయగల సాంకేతిక సిబ్బంది దొరుకుతారు. వాళ్ల లెవెల్ మిషన్‌తో ఒక పూట సర్వే చేయించుకోగలిగితే సగం పని అయినట్టే.

దిగువ రైతులతో మాట్లాడేటప్పుడు అలుగు నీరు ఎక్కడ వంకలో కలుస్తుందో చేనుకు తీసుకెళ్లి చూపించండి. తగాదాలు సాధారణంగా నిలిచే నీటి మీద రావు. అలుగు నీరు ఎవరి చేను కోస్తుందన్న దాని మీద వస్తాయి.

జాగా చూడడం

వంక వెంబడి నడవండి. రెండు పక్కలా గట్లు దగ్గరికి వచ్చి, ఆ పైన లోయ వెడల్పయ్యే చోటు కోసం వెతకండి. ఇరుకులో కట్ట వేస్తే మట్టి తక్కువ పడుతుంది, వెనక వెడల్పులో నీరు ఎక్కువ నిలుస్తుంది. వంక వాలు తక్కువగా ఉన్న చోటైతే అదే ఎత్తు కట్టకు నీరు దూరం దాకా వెనక్కి నిలుస్తుంది.

మన పెద్దలు ఈ చూపును రాతి మీద చెక్కించారు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో వరసగా రాసి ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట, రెండు రాజ్యాల పొలిమేర, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం: ఇవీ ఆ దోషాలు. ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ జాబితాలో నేను మార్చేది ఒక్కటే. రెండు రాజ్యాల పొలిమేర బదులు రెండు సర్వే నంబర్ల తగాదా అని చదువుకుంటాను.

జాగా దగ్గర ఇవి తప్పక చూడండి. గట్టుకు ఆనుకుని కనీసం ఒక పక్కైనా అలుగు తవ్వడానికి గట్టి నేల ఉండాలి. కట్ట కిందికి వచ్చే చోట పగుళ్లున్న పరుపుబండ గానీ, లోతైన ఇసుక గానీ ఉంటే వదిలేయండి. చెదపుట్టలు గుంపుగా ఉన్న చోటా వద్దు. పాత బావి, పూడ్చిన గుంత, తీసేసిన తాటిమొద్దు కట్ట గీత మీద ఉన్నాయేమో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

కుంట అడుగు ఇంకితే పరవాలేదు, ఊటకుంట కట్టేదే అందుకు. కట్ట కింద మాత్రం ఇంకకూడదు. నీరు కుంట మధ్యలోంచి కిందికి దిగి బోర్లకు చేరడం లాభం, కట్ట పునాది కిందుగా అడ్డంగా దూరడం ప్రమాదం. ఈ తేడా మనసులో పెట్టుకోండి, కింద చెప్పే చాలా పనులకు ఇదే కారణం.

వచ్చే నీటి లెక్క

కుంటలోకి ఎంత భూమి నీరు వస్తుందో తెలియాలి. ఇస్రో వాళ్ల భువన్ పటంలో గానీ, గూగుల్ ఎర్త్‌లో గానీ గుట్టల మిట్టగీతలు చూసి పరివాహకం గీసుకోవచ్చు. గీసిన తర్వాత కాలినడకన ఒకసారి తిరిగి సరిచూడండి. పటంలో కనపడని బండిబాట ఒకటి పక్క లోయ నీటిని మీ వైపు మళ్లిస్తూ ఉండవచ్చు.

ఉదాహరణకు 20 హెక్టార్లు, అంటే సుమారు 50 ఎకరాల పరివాహకం తీసుకుందాం. 550 మిల్లీమీటర్ల వానకు ఈ నేల మీద 1,10,000 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. అందులో 8 నుంచి 10 శాతం వంకలోకి వస్తుందనుకున్నా 9 నుంచి 11 వేల ఘనపు మీటర్లు.

ఇక నిలిచేది. నీటి మట్టం దగ్గర కట్ట పొడవు 60 మీటర్లు, నీరు వెనక్కి నిలిచే దూరం 80 మీటర్లు, లోతు 2.5 మీటర్లు అనుకుందాం. మూడూ గుణించి 6తో భాగిస్తే 2,000 ఘనపు మీటర్లు వస్తుంది. లోయ ఆకారంలో ఉన్న చిన్న కుంటలకు ఈ మోటు లెక్క సరిపోతుంది. అంటే మామూలు ఏడాదిలో ఈ కుంట నాలుగైదు సార్లు నిండి, ఇంకి, మళ్లీ నిండగలదు. వచ్చే నీరు నిలిచే నీటి కన్నా తక్కువైతే కట్టను చిన్నది చేయండి. మట్టి డబ్బులు మిగులుతాయి.

అలుగు: అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది

మా వైపు మరవ అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. దీన్ని కట్ట పని అయిపోయాక చివర్లో జేసీబీతో రెండు గంటలు గీకించే పనిగా చూడటం చాలా చోట్ల కనిపిస్తుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే తెగిన చిన్న కుంటల్లో ఎక్కువ వాటికి అక్కడే మొదలవుతుంది. కట్ట గీత గీయక ముందే అలుగు గీత గీయండి.

లెక్క ఇలా. గట్టి వాన గంటకు 80 మిల్లీమీటర్ల జోరుతో పడిందనుకోండి. గుట్ట, చేను కలిసిన నేలలో పదింట నాలుగు వంతులు పారుతుందనుకుంటే, 20 హెక్టార్లను 80తో, 0.4తో గుణించి 360తో భాగించాలి. సెకనుకు సుమారు 1.8 ఘనపు మీటర్లు వస్తుంది. అలుగు మీద నీరు 30 సెంటీమీటర్ల మందాన పారితే మీటరు వెడల్పు నుంచి సెకనుకు సుమారు పావు ఘనపు మీటరు పోతుంది. కాబట్టి 7.2 మీటర్లు కావాలి, 8 మీటర్లు పెట్టండి. గుట్ట బోడిగా, రాతిగా ఉంటే 0.4 బదులు 0.6 వేసుకుని వెడల్పు పెంచండి. ఇక్కడ పీనాసితనం వద్దు. అలుగు రెండు మీటర్లు ఎక్కువైనందుకు తెగిన కట్ట లేదు.

అలుగును సహజమైన నేలలోనే తవ్వాలి, పోసిన మట్టి మీద ఎప్పుడూ వద్దు. దాని అడుగు నీటిగొట్టంతో (మట్టం చూసేందుకు నీళ్లు నింపి పట్టుకునే సన్నటి గొట్టంతో) చూసి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మట్టంలో ఉంచండి. ఒక మూల ఐదు సెంటీమీటర్లు పల్లం ఉన్నా నీరంతా అక్కడే పరుగెత్తి కోత మొదలుపెడుతుంది. అడుగు గుండా రాతి వరస ఒకటి, సిమెంటు మోర్టారుతో, నేలలోకి 60 సెంటీమీటర్లు దించి అడ్డంగా కట్టండి. ఆ గీత కోత పైకి పాకకుండా ఆపుతుంది.

అలుగు నీరు కట్ట పాదాన్ని తాకకుండా దూరంగా పోయి వంకలో కలవాలి. ఆ కాలువను తక్కువ వాలులో తీసుకెళ్లి, వంకలోకి దిగే చోట పెద్ద రాళ్లు పేర్చండి. కట్ట వైపు ఒక చిన్న గట్టు వేస్తే నీరు వెనక్కి కట్ట మీదికి రాదు.

మట్టి పరీక్ష

ల్యాబు రిపోర్టు ఉంటే మంచిదే. లేకపోయినా ఈ పరీక్షలు చేలోనే చేయవచ్చు.

మొదటిది ముద్ద పరీక్ష. మట్టిని తడిపి పెన్సిలంత లావు తీగగా పామండి. విరగకుండా సాగితే జిగట ఉంది. పొడిపొడిగా రాలితే ఇసుక ఎక్కువ, కట్ట మధ్యలోకి పనికిరాదు.

రెండోది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి గట్టిగా ఊపి ఒక రోజు వదిలేయండి. అడుగున ఇసుక, దాని పైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమన్ను పొరలుగా పేరుకుంటాయి. పావు వంతు, ఆ పైన బంక ఉన్న గరుసు మట్టి కట్టకు బాగుంటుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది చేయనిది. ఆరిన మట్టిగడ్డ ఒకటి, శనగగింజంత, గ్లాసులోని వాననీటిలో మెల్లగా వదలండి. కలపకండి, ఊపకండి. పది నిమిషాలు చూడండి. గడ్డ చితికి కుప్పగా పడినా చుట్టూ నీరు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ పాలపొగలా మబ్బు లేచి గ్లాసంతా పాకితే అది సోడియం ఎక్కువున్న మట్టి, మన చౌడు. నీటికి తగలగానే దాని కణాలు విడిపోతాయి. ఆ మట్టితో వేసిన కట్టలో ఒక చిన్న పగులు చాలు, లోపలే సొరంగం పడుతుంది. బోరు నీటితో ఈ పరీక్ష చేస్తే ఉప్పుల వల్ల మబ్బు కనపడకపోవచ్చు, అందుకే వాననీరు గానీ బ్యాటరీలో పోసే నీరు గానీ వాడాలి. మీ మట్టి అలాంటిదని తెలిస్తే వేరే గుంత చూసుకోండి. పోరుమామిళ్ల శాసనం చౌడును దోషమన్నది ఉత్తినే కాదు.

నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది, కానీ ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాన్ని కట్ట మధ్యలో, కట్ట పునాది కింద తవ్వే కందకంలో వాడి, పైన రెండు వైపులా 45 సెంటీమీటర్ల మందాన ఎర్ర గరుసు కప్పండి. ఎర్రమట్టి ఒక్కటే దొరికే చోట అందులో జిగట ఉన్నది మధ్యకు, గరుకు ఉన్నది వెలుపలికి వేయండి.

మట్టి తీసే గుంత కుంట లోపలే పెడితే నీటి చోటూ పెరుగుతుంది. కానీ కట్ట పాదం నుంచి కనీసం 10 మీటర్లు వదలండి. కట్ట వెలుపల పాదం దగ్గర గుంత తీయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

కట్ట కొలతలు

నీటి లోతు 2.5 మీటర్లు, అలుగు మీద పారే నీరు 0.3, ఆ పైన ఎప్పుడూ పొడిగా ఉండాల్సిన ఎత్తు 0.6. మొత్తం 3.4 మీటర్లు. కొత్త మట్టి కుదించుకుంటుంది కాబట్టి పదో వంతు అదనంగా, నడిమధ్యలో 3.75 మీటర్ల దాకా పోయండి. కట్ట చూసేందుకు మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉండటం మంచి లక్షణం. మధ్యలో పల్లంగా ఉన్న కట్ట, ఎంత అందంగా ఉన్నా, నీటికి దారి చూపిస్తుంది.

పైన వెడల్పు 2.5 మీటర్లు. నీటి వైపు వాలు ఒక మీటరు ఎత్తుకు రెండున్నర, వెలుపలి వాలు ఒకటికి రెండు. లెక్క వేస్తే నడిమధ్యలో పాదం వెడల్పు 17.8 మీటర్లు వస్తుంది. ఇంత వెడల్పా అని ఆశ్చర్యపోయేవాళ్లకు కారణం చెబుతాను. జిగట కలిసిన గరుసు కట్టలో లోపలి తడి సుమారు నాలుగు మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున కిందికి దిగుతుందని అనుభవ లెక్క. 2.5 మీటర్ల నీటికి తడి నేలకు దిగడానికి 10 మీటర్లు కావాలి. మన కట్టలో నీరు తాకే చోటు నుంచి వెలుపలి పాదం దాకా 11.5 మీటర్లు ఉంది. కాబట్టి తడి కట్ట లోపలే దిగిపోతుంది, వెలుపలి వాలు మీద ఊట కనపడదు. వాలు నిటారు చేసి మట్టి మిగిల్చితే ఆ తడి బయటికి వచ్చి వాలు జారుతుంది.

మొత్తం మట్టి కందకంతో కలిపి సుమారు 1,200 ఘనపు మీటర్లు, కుదించిన లెక్కన. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ట్రాక్టరు ట్రాలీలు 500 దాకా అవుతాయి.

పునాది

ఫిబ్రవరిలో మొదలుపెట్టి మే నెలాఖరుకు, మృగశిర కార్తె రాకముందే ముగించేలా పని పెట్టుకోండి. వానలు పడ్డాక సగం కట్ట ఉండటం కన్నా కట్ట లేకపోవడమే నయం.

ముగ్గు పోసి పాదం గీతలు గీయండి. ఆ గీతల మధ్య గడ్డి, వేర్లు, తుమ్మ మొద్దులు, పైమట్టి 20 నుంచి 30 సెంటీమీటర్ల మందాన తీసేయండి. సర్కారు తుమ్మ వేరు ఒకటి లోపల మిగిలినా అది కుళ్లిన తర్వాత గొట్టమవుతుంది. తీసిన పైమట్టిని పక్కన పోగు పెట్టండి, చివర్లో గడ్డి పెంచడానికి కావాలి. వంక అడుగున ఇసుక ఉంటే గట్టి నేల తగిలేదాకా పూర్తిగా ఎత్తేయాలి. వంక గట్లు నిటారుగా ఉంటే వాటిని చదునుగా, ఏటవాలుగా కోయండి. నిటారు గట్టుకు మట్టి అతుక్కోదు, కుదించుకునేటప్పుడు అక్కడే పగులుతుంది.

కట్ట గీత మధ్యన, ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా, కటాఫ్ ట్రెంచి అనే కందకం తవ్వాలి. అడుగున 2 మీటర్ల వెడల్పు ఉంటే యంత్రం లోపల తిరగగలదు. పక్కలు ఒకటికి ఒకటి వాలు. లోతు ఇంత అని ముందే చెప్పలేం. గట్టి జిగట పొర గానీ, పగుళ్లు లేని బండ గానీ తగిలి, అందులోకి ఇంకో అరమీటరు దిగేదాకా తవ్వాలి. గట్ల మీద కూడా ఈ కందకం ఎక్కాలి, వంక మధ్యలో తవ్వి ఊరుకుంటే నీరు పక్క నుంచి దూరుతుంది. లోతు మీటరున్నర దాటితే నిటారు గోడల మధ్య మనుషుల్ని దింపకండి. మట్టి విరిగి పడితే బయటికి లాగే సమయం కూడా ఉండదు.

కందకంలో అన్నిటికన్నా మంచి జిగట మట్టి, 15 సెంటీమీటర్ల పొరలుగా, తడిపి కుదించాలి.

కట్ట పోయడం

పని నాణ్యత అంతా ఇక్కడ తేలుతుంది. జేసీబీ బకెట్‌తో కొట్టడం కుదింపు కాదు. ట్రాలీలు గుట్టలుగా దింపి పైపైన చదును చేయడం అసలే కాదు. అలా పోసిన కట్ట చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మొదటి నీరు ఎక్కగానే లోపల కుంగుతుంది.

మట్టి తీసే గుంతనే ముందురోజు సాయంత్రం తడపండి. పొద్దునకు తేమ లోపలిదాకా సమంగా పాకి ఉంటుంది. కట్ట మీద ట్యాంకరుతో చల్లితే పైన బురద, లోపల పొడి అవుతుంది. తేమ సరిపోయిందో లేదో చూడటానికి మట్టిని పిడికిలిలో ముద్ద చేసి, ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిగా చెదిరిపోతే నీరు చాలలేదు. అట్టులా చదునుగా అంటుకుంటే ఎక్కువైంది. రెండు మూడు ముక్కలుగా విరిగితే సరిగ్గా ఉంది, మొదలుపెట్టండి.

ప్రతి పొర 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంతకు మించవద్దు. పొరలో ఉన్న రాళ్లు, గడ్డలు ఏరేయండి. మేకకాళ్ల రోలరు (చుట్టూ ఇనుప మొనలు పొడుచుకొచ్చినది) దొరికితే దానితో ఆరు నుంచి ఎనిమిది సార్లు తిప్పండి. దొరకకపోతే నిండు ట్రాలీ ఉన్న ట్రాక్టరును చక్రం పడిన చోటే మళ్లీ పడకుండా జరుపుకుంటూ నడిపించండి. రోలరు ఎప్పుడూ కట్ట పొడవునా పోవాలి. అడ్డంగా పోతే పొరల అతుకులు నీరు పారే దిక్కులో పడతాయి.

ఒక పొర అయ్యాక మడమతో గట్టిగా తొక్కి చూడండి. మడమ గుర్తు కనీకనపడనట్టు పడితే చాలు. సులువుగా దిగితే ఇంకో రెండు సార్లు తిప్పించండి. తర్వాత ఇంకో చిన్న పని ఉంది, డ్రైవర్లు విసుక్కునే పని. రోలరు కింద పొర నున్నగా మెరుస్తుంది. ఆ నునుపు మీద కొత్త మట్టి పోస్తే రెండూ అతకవు, మధ్యన కాగితమంత సందు ఉండిపోతుంది, నీరు ఆ సందును వెతుక్కుంటుంది. పలుగుతో గానీ ట్రాక్టరు గుంటకతో గానీ రెండు వేళ్ల లోతు గీకి, కొంచెం తడిపి, అప్పుడు తర్వాతి పొర పోయించండి. మధ్యాహ్నం భోజనానికి ఆగిన గంటలో ఎండకు పొర ఆరిపోతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు కూడా ఇదే పని.

అంచుల దగ్గర రోలరు పోలేదు కాబట్టి వాలు గీతకు 30 సెంటీమీటర్లు బయటికి పోసి, కుదించి, చివర్లో గీతకు చెక్కేయండి. వంక మధ్య భాగాన్ని ఆఖరున మూసేటట్టయితే పాత మట్టి అంచును ఒకటికి మూడు వాలుగా, మెట్లుమెట్లుగా కోసి కలపండి.

తూము గురించి ఒక మాట

తూమంటే కట్ట కిందుగా నీరు వదిలే గొట్టం. ఊటకుంటకు అది అక్కర్లేదు. నా సలహా ఏమంటే మొదటి కుంటకు పెట్టకండి. గొట్టం చుట్టూ రోలరు పోదు, మట్టి వదులుగా మిగులుతుంది, నీరు గొట్టం వెంబడి పాకుతుంది. నీరు వాడుకోవాలంటే కుంట పక్కన ఇంజను పెట్టి తోడుకోవచ్చు. తూము తప్పదంటే గొట్టాన్ని తవ్వని గట్టి నేలలో కోసిన గాడిలో పెట్టి, మధ్యలో రెండు మూడు చోట్ల సిమెంటు పట్టీలు వేసి, చుట్టూ 10 సెంటీమీటర్ల పొరలతో దిమ్మిసతో కొట్టించండి.

రాతి పేర్పు, గడ్డి

నీటి వైపు వాలు మీద 15 సెంటీమీటర్ల గరుసు, దాని మీద 30 సెంటీమీటర్ల రాతి పేర్పు. గరుసు లేకుండా రాళ్లు పేరిస్తే అలలకు రాళ్ల మధ్యలోంచి మట్టి జారిపోయి రాళ్లు కుంగుతాయి.

వెలుపలి పాదం దగ్గర 60 సెంటీమీటర్ల ఎత్తు రాతి పాదం కట్టండి. మట్టికీ రాయికీ మధ్య ఇసుక పొర, కంకర పొర ఉండాలి. ఊట నీరు రావచ్చు, దానితో మట్టి రాకూడదు, అదీ ఈ పొరల పని. వెలుపలి వాలు మీద పోగుపెట్టిన పైమట్టి పరిచి గరిక నాటండి. వట్టివేరు వరసలు కూడా బాగా పట్టుకుంటాయి. చెట్లు మాత్రం కట్ట మీద వద్దు. వేప మొక్క మొలిచినా, దైవభావంతో ఎవరైనా రావి నాటినా, చిన్నగా ఉన్నప్పుడే తీసి గట్టు మీద వేరే చోట నాటండి.

కట్ట కన్నా పైన చేయాల్సిన పని

మన దేశంలో హెక్టారుకు ఏడాదికి సగటున 16 టన్నుల మట్టి కొట్టుకుపోతోందని నేల సంరక్షణ శాస్త్రవేత్తల అంచనా. మన 20 హెక్టార్లకు 320 టన్నులు. అందులో సగమే కుంటకు చేరినా ఏటా 120 ఘనపు మీటర్ల పూడిక. పదిహేడేళ్లలో 2,000 ఘనపు మీటర్ల కుంట మైదానమవుతుంది. కాబట్టి మట్టిని కుంటలో పట్టడం కన్నా పైన నిలపడం మేలు.

గుట్ట మీద నుంచి కిందికి రండి. వాలుకు అడ్డంగా కందకాలు, సన్న వంకల్లో వదులు రాళ్ల అడ్డుకట్టలు. రాతి అడ్డుకట్ట ఎత్తు మీటరు మించకూడదు. పైవాలు ఒకటికి ఒకటి, కిందివాలు ఒకటికి మూడు. మధ్యభాగం చివరల కన్నా 30 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి, లేకపోతే నీరు పక్కల్ని కోసి చుట్టూ తిరిగిపోతుంది. పెద్ద రాళ్లు కింది వైపు, చిన్నవి లోపల. ఒక కట్ట తల ఎత్తు దాని పైకట్ట పాదం ఎత్తుకు సమంగా వచ్చేలా దూరం పెట్టుకోండి. ఈ పని యంత్రాలు లేకుండా కూలీలతోనే జరుగుతుంది, కుంట పని కన్నా ఒక ఏడాది ముందే జరిగితే ఇంకా మంచిది.

మొదటి నీళ్లు

కొత్త కట్ట మొదటి ఏడాదే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. వీలైతే ఆ ఏడాది అలుగును అనుకున్న దానికన్నా అరమీటరు లోతుగానే ఉంచి, కట్ట ఒక వానాకాలం కుదురుకున్నాక రాతికట్టుతో మట్టం పెంచండి.

గట్టి వాన పడుతున్నప్పుడు ఇద్దరు కాపలా ఉండాలి. పూర్వం చెరువులకు నీరుగంటి ఉండేవాడు, మన కుంటకు ఆ పని ఎవరిదో ముందే పేరు పెట్టి అనుకోండి. అలుగు పారడం మొదలయ్యాక కొట్టుకొచ్చిన కంపను తీసేయడం వాళ్ల మొదటి పని. కంపే సగం అలుగును మూసేస్తుంది. చేపల కోసం అలుగుకు అడ్డంగా వల గానీ మట్టి గానీ పెట్టనివ్వకండి.

నీరు నిండాక రోజూ వెలుపలి పాదం వెంబడి నడవండి. తడి కనపడితే కంగారు వద్దు, చూడండి. ఊట నీటిని తెల్ల గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తండి. తేటగా ఉండి, రోజురోజుకూ అంతే ఉంటే రాతి పాదం తన పని చేస్తోందని అర్థం. నీరు కలకగా ఉన్నా, ఊట బలం పెరుగుతున్నా, చుట్టూ ఇసుక చిన్న పుట్టలా పేరుకుంటున్నా కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోంది.

అప్పుడు చేయాల్సింది వెంటనే చేయాలి. మొదట దిగువ వాళ్లకు కబురు పెట్టండి, ఇంజనీరుకు ఫోను చేయండి. ఊట వచ్చే చోట బంకమన్ను కుక్కి మూయకండి, నీరు ఇంకో చోట ఇంకా బలంగా పొడుస్తుంది. ఆ చోట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు వేయండి. నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది. నీటి వైపు సుడి తిరుగుతున్న చోటు కనపడితే అక్కడ జిగటమట్టి బస్తాలు దింపండి, కానీ సుడి దగ్గర ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. కుంట మట్టం తగ్గించాలంటే అలుగును గట్టి నేలలో లోతు చేయండి, లేదా ఇంజన్లు పెట్టి తోడండి. కట్టను మాత్రం కోయవద్దు. కోసిన సందును ఆపడం ఎవరి తరమూ కాదు.

ఏటేటా

మే నెలలో ఒకసారి, అక్టోబరు వానల ముందు ఒకసారి కట్టను పూర్తిగా తిరిగి చూడండి. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల బొక్కలు పైపైన పూడిస్తే లాభం లేదు. చివరిదాకా తవ్వి, తడి జిగటమట్టితో పొరలుగా దిమ్మిస వేయాలి. చెదపుట్ట కనపడితే రాణి దాకా తవ్వించండి. కట్ట మీద పశువుల బాట పడితే ఆ గాడి వాననీటికి కాలువ అవుతుంది, పశువులు నీళ్లకు దిగేందుకు కట్టకు దూరంగా రాతి ర్యాంపు ఒకటి చేసివ్వండి. పైభాగం ఎక్కడైనా కుంగిందా అని నీటిగొట్టం పెట్టి చూసి, కుంగిన చోట గీకి, తడిపి, మట్టి ఎక్కించండి.

మూడు నాలుగేళ్లకు ఒకసారి ఎండాకాలంలో పూడిక తీయండి. ఆ ఒండ్రు ఎర్రచేలకు మంచి బలం, రైతులే ట్రాక్టర్లు తెచ్చుకుని తోలుకుంటారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడికను ఇలాగే చేలకు తోలుకున్నారు. తోలే ముందు ఆ మట్టిని కూడా గ్లాసు పరీక్ష చేసి చౌడు లేదని చూసుకోండి. తవ్వేటప్పుడు పాత నేల మట్టం దగ్గరే ఆపండి. ఇంకా లోతుకు పోతే జిగట పొర చిల్లుపడి కట్ట కిందికి దారి ఏర్పడవచ్చు. కట్ట పాదం నుంచి 10 మీటర్ల దగ్గర సున్నం గీత ఒకటి గీసి, పొక్లెయిన్ దాన్ని దాటకుండా పని జరిగినన్ని రోజులూ ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి.